హాజరు పలకని దీపం

తాళంచెవిని రెండో మెట్టు దాకా తిప్పి, అక్కడ ఆగి, ఒక్క ఊపిరి పీల్చి వదిలేంతసేపు వేచి ఉండాలి. ఇంజను సంగతి ఆ తరువాత. ఈ నియమం కారు తయారుచేసినవారు పెట్టినది కాదు, టైపిస్టమ్మ భర్త పెట్టినది.

న్యాయస్థానంలో ముప్పైరెండేళ్లు సాక్షుల వాంగ్మూలాలు టైపు చేసి విశ్రాంతి తీసుకున్నా, ఆ వీధిలో అందరికీ ఆమె ఇప్పటికీ టైపిస్టమ్మే. ఆయన కాలేజీలో రసాయనశాల చూసుకునేవారు. సీసాల మీద చీటీలు అంటించడం, పిల్లలు పగలగొట్టిన గాజుగొట్టాలకు లెక్క చెప్పడం, యాసిడ్ పడి చిల్లులుపడిన చొక్కాలతో ఇంటికి రావడం ఆయన ఉద్యోగం. ఆమెకు యాభైయేడో ఏట, ఇద్దరి విశ్రాంతి డబ్బులూ కలిపి ఆ బూడిదరంగు కారు కొన్నారు. ఆయన దానికి పేరు పెట్టలేదు, వరస కలిపారు. "చిన్నమ్మాయి" అన్నారు.

"ఒక్కదాన్నే కన్నారనుకున్నాను. నాకు చెల్లెలు ఎప్పుడు పుట్టింది?" అని మూతి ముడిచింది కూతురు. అప్పటికి ఆమె పళ్ల డాక్టరుగా ప్రాక్టీసు మొదలుపెట్టి నాలుగేళ్లు.

"లేక లేక కలిగింది తల్లీ. నువ్వు పెద్దమ్మాయివి. సర్దుకుపోవాలి," అన్నారాయన.

భార్యకు డ్రైవింగు నేర్పిన మొదటిరోజే ఆ నియమం చెప్పారు. అంతకు చాలా ఏళ్ల క్రితం, భార్య మరిచిపోయిన గొడుగు ఇవ్వడానికి ఆయన ఒకసారి కోర్టుకు వెళ్లారు. వరండాలో బంట్రోతు నిలబడి సాక్షుల పేర్లు మూడుసార్లు కేక వేయడం, లోపలినుంచో చెట్టుకిందనుంచో ఎవరో "హాజర్" అంటూ పరుగెత్తి రావడం ఆయనకు తెగ నచ్చేసింది. ఇన్నాళ్లకు ఆ ముచ్చట తీరింది. తాళం రెండో మెట్టుకు తిప్పగానే ముందు పలక మీద ఎర్రవి, పసుపువి చిన్న దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. ఆయన వేలితో ఒక్కొక్కదాన్నీ చూపిస్తూ కేక వేసేవారు.

"నూనె!" అని బంట్రోతు గొంతుతో పిలిచి, సన్నటి గొంతుతో "హాజర్" అని తానే పలికేవారు. "బ్యాటరీ!" "హాజర్." "బ్రేకు!" "హాజర్." చివరగా "ఇంజను!" అని పిలిచి, పడిశం పట్టిన బద్ధకపు సాక్షిలాగా ముక్కుతో "హా...జర్" అని సాగదీసేవారు. ఆపైన ఇంజను మొదలవుతుంది, దీపాలన్నీ ఆరిపోతాయి. అప్పుడు జడ్జిగారి గొంతు. "సాక్షులందరూ ఇక వెళ్లవచ్చు."

"కోర్టును వెక్కిరిస్తున్నారా మీరు?" అని ఆమె కళ్లెర్రజేసింది.

"వెక్కిరింత కాదోయ్, గౌరవం. సాక్షి వచ్చాడో లేదో చూడకుండా మీరు విచారణ మొదలుపెడతారా? ఆరిన దీపాన్ని చూసి సంతోషించకూడదు. అది వెలగగలదని ముందు తెలుసుకుని, ఆ తరువాత ఆరితే సంతోషించాలి."

పన్నెండేళ్లు ప్రతి ఉదయం ఆ హాజరు నడిచింది. ఆయన పోయాక ఆమె దాన్ని మానేసింది. ఆ ఒక్క ఊపిరి కాలం పాటు కారులో పరుచుకునే నిశ్శబ్దాన్ని ఆమె భరించలేకపోయింది. అందుకే తాళం పెట్టగానే ఆగకుండా ఒక్క తిప్పులో ఇంజను మొదలుపెట్టేయడం అలవాటు చేసుకుంది.

ఆయన పోయిన ఆరు నెలలకు ఇంజను గుర్తు దీపం పట్టుకుంది.

పసుపురంగులో చిన్న బొమ్మ అది. ఇంజనంటారు గానీ, కూతురికి నీళ్లజగ్గులా కనబడేది. కారు నడుస్తుండగా వెలగకూడని దీపం వెలిగి, ఆరనని కూర్చుంది. సర్వీసు స్టేషనుకు తీసుకువెళ్తే అక్కడి మేనేజరు ఎదురొచ్చాడు. ఆ మనిషికి ముఖంలో నవ్వు తప్ప మరో సామాను లేదు. ఆమె మనసులో అతనికి నవ్వులాయన అని పేరు పెట్టుకుంది. మొదటిసారి యంత్రం తగిలించి దీపం ఆర్పి, కారు కడిగి ఇచ్చారు. వారం తిరక్కుండా మళ్లీ వెలిగింది. రెండోసారి పొగగొట్టం దగ్గరి సెన్సరు మార్చారు. మూడోసారి ప్లగ్గులు మార్చారు. నాలుగోసారి తీగలన్నీ విప్పి చూశామన్నారు. ప్రతిసారీ ఆ దీపం పట్టుమని పదిరోజులైనా ఆరి ఉండకుండా, విడుదలైన మర్నాడే మళ్లీ బోనెక్కే పాత నేరస్థుడిలాగా ప్రత్యక్షమయ్యేది.

"పాత బండి కదా మేడమ్," అన్నాడు నవ్వులాయన.

"పాతది కాబట్టే మీ దగ్గరికి తెచ్చాను. కొత్తదైతే మీతో నాకేం పని?" అంది టైపిస్టమ్మ.

నాలుగోసారి తరువాత దీపం వంతెన మీద వెలిగింది. ముందూ వెనకా లారీలు. పక్క సీట్లో కూతురు ఉంది.  ఇల్లు చేరాక ఇక వదల్లేదు.

"అమ్మా, నీకు డెబ్బయ్యొకటి. ఆ వంతెన మీద ఇది ఆగిపోతే నువ్వేం చేస్తావు? దిగి తోస్తావా?"

"ఆగలేదుగా."

"ఆగినప్పుడు చెబుతావా? నాన్నమీద ప్రేమ నాకు మాత్రం లేదా? అది చెల్లెలే, కాదనను. కానీ నాకు ఉన్నది ఒక్క అమ్మ."

 న్యాయమైన మాటకు ఎదురు చెప్పడం టైపిస్టమ్మకు చేతకాదు. లోపలికి వెళ్లి టైపురైటరు ముందు కూర్చుని, పది నిమిషాల్లో కాగితం పట్టుకుని వచ్చింది. 'సదరు కారునకు మరియొక్కసారి మరమ్మతు చేయించబడును. పిదప సదరు దీపము తిరిగి వెలిగినచో, కారును పాతకార్లు విడగొట్టు యార్డునకు అప్పగించుటకు తల్లి సమ్మతించుచున్నది. వెలగనిచో, కుమార్తె ఈ ప్రస్తావన మరల తేరాదు.' ఇద్దరూ సంతకాలు చేశారు.

"కోర్టువారి దయ," అంది కూతురు కలం మూత పెడుతూ.

అయిదోసారి కారు రెండు రోజులు సర్వీసు స్టేషనులో ఉంది. తిరిగి వచ్చాక పదిరోజులైంది, దీపం వెలగలేదు. పదిహేను. ఇరవై. టైపిస్టమ్మకు ఒంట్లో ఏదో బరువు దిగినట్టయింది. పని కల్పించుకుని మరీ కారు తీసింది. లైబ్రరీకి వెళ్లింది. కళ్లజోడుకు మర బిగించాలన్న వంకతో ఊరవతలి దుకాణానికి వెళ్లింది. ఒకరోజు కాలేజీ వెనక సందులోకీ పోనిచ్చింది. వెనక్కి నడపడం నేర్చుకుంటూ ఆమె చెత్తకుండీని గుద్దిన చోటు అది. ఆరోజు ఆయన దిగి, కుండీకి వంగి నమస్కరించి, "క్షమించండి, మా ఆవిడ మిమ్మల్ని చూడలేదు," అన్నారు. కుండీ మారింది, గోడకు రంగు మారింది. రసాయనశాల కిటికీ అద్దాలు మాత్రం అప్పటిలాగే మసకగా ఉన్నాయి. ఆ మసకలో తెల్లకోటు ఒకటి కదిలితే, కాదని తెలిసినా, అది లోపలికి పోయేదాకా చూస్తూ కూర్చుంది.

ఆ సంతోషమే ఆమెను పట్టించింది.

మర్నాడు ఉదయం కారులో కూర్చున్నప్పుడు, రెండేళ్ల తరువాత మొదటిసారి, తాళం రెండో మెట్టు దగ్గర ఆమె చేయి తనంతట తానే ఆగింది. గొంతు సవరించుకుంది. ఎవరైనా వింటారేమోనని అద్దం పైకెత్తింది.

"నూనె," అంది. ఎర్రదీపం వెలిగి ఉంది. హాజర్.

"బ్యాటరీ." హాజర్.

"బ్రేకు." హాజర్.

"ఇంజను."

నీళ్లజగ్గు ఉండవలసిన చోట చీకటి. ఆమె తాళం వెనక్కి తిప్పి మళ్లీ పిలిచింది. బంట్రోతు లెక్కన మూడోసారీ పిలిచింది. సాక్షి పలకలేదు.

టైపిస్టమ్మ తాళం తీసి ఒళ్లో పెట్టుకుంది. విషయం అర్థం కావడానికి ఆమెకు యంత్రాల చదువు అక్కర్లేదు. దీపం ఆరలేదు. దాన్ని ఆర్పేశారు. జబ్బు ఉన్నచోటే ఉంది, చెప్పే నోరు మాత్రం నొక్కేశారు.

ఆ పగలంతా ఒప్పందపు కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. 'వెలిగినచో' అని తానే టైపు చేసింది. వెలగలేదు, ఇక వెలగదు కూడా. అక్షరం ప్రకారం కారు తనది. నోరు మెదపకపోతే చాలు, ఆ సీటూ, ఆ సందూ, ఆ ముక్కుగొంతు జ్ఞాపకమూ తన దగ్గరే ఉంటాయి. నోరు తెరిచిందా, పలక విప్పుతారు, దీపం వెలుగుతుంది, చిన్నమ్మాయిని యార్డులో తలుపు ఒకచోట, చక్రం ఒకచోట పడేస్తారు.

ఎప్పుడో ఒక పెద్ద వకీలు ఆమె బల్ల దగ్గరికి వచ్చి, వాంగ్మూలంలో ఒకే ఒక్క "లేదు"ను వేళ్లు జారినట్టుగా వదిలేయమని మెత్తగా అడిగాడు. ఆమె తల ఎత్తకుండానే, "నా వేళ్లు జారవు," అంది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఆయన ఆరోజు వంట తానే చేశారు. మాడ్చారు కూడా. ఆ మాడువాసన ఇప్పుడు ఈ గదిలో వచ్చినట్టయింది. ఆమె లేచి కూతురి క్లినిక్కుకు ఫోను చేసింది.

"దీపం వెలగడంలేదు," అంది.

"మంచిదేగా అమ్మా! అది చెప్పడానికి ఫోనా? ఇక్కడ ఒకాయన నోరు తెరుచుకుని ఉన్నాడు."

"తాళం తిప్పినప్పుడు కూడా వెలగడంలేదు. హాజరు పలకలేదు."

కూతురికి చప్పున అర్థమైంది. నాన్న కేకలు వింటూ వెనకసీట్లో కూర్చుని ఎన్నోసార్లు నవ్విన మనిషి ఆమె. "అంటే... పుచ్చు అలాగే ఉంచి, నరం చంపి, పన్ను బాగైందని పంపేశారా?" అంది. ఆ గొంతులో వేడి మొదలైంది. "నా దగ్గర ఎవడైనా ఆ పని చేస్తే వాడి చేతికి మళ్లీ డ్రిల్లు ఇవ్వను. ఉండు, వస్తున్నాను. అయ్యా, మీరు నోరు మూసుకోవచ్చు, రేపు రండి."

సర్వీసు స్టేషనులో నవ్వులాయన వాళ్లకు కుర్చీలు వేయించాడు. టైపిస్టమ్మ కూర్చోలేదు.

"పలక విప్పించండి."

"ఎందుకు మేడమ్? దీపం వెలగడం లేదు కదా! మీకు కావలసింది అదే కదా?"

"నాకు కావలసింది దీపం ఆరడం కాదు. అది వెలగడానికున్న కారణం పోవడం. ఈ రెండింటికీ తేడా తెలియనివారైతే మీరు అమాయకులు. తెలిసినవారైతే ఏమవుతారో మీరే చెప్పండి."

నవ్వు కొంచెం పక్కకు జరిగింది. ఎలక్ట్రీషియను వచ్చాడు. నెరిసిన జుట్టు, నేలచూపు. అయిదు నిమిషాల్లో పలక ఊడివచ్చింది. ఇంజను గుర్తు వెనక, గోరంత నల్లటేపు ముక్క. ఎవరో కత్తెరతో శ్రద్ధగా, గుండ్రంగా కత్తిరించి అంటించారు.

"ఎంత చక్కగా కత్తిరించారు!" అంది కూతురు. "ఈ శ్రద్ధ ఇంజను మీద పెట్టి ఉంటే ఈపాటికి బాగయ్యేది."

"చాలామంది అడుగుతారమ్మా," అన్నాడు ఎలక్ట్రీషియను నేలవైపే చూస్తూ. "దీపం కనబడకపోతే చాలంటారు."

"నేను అడిగానా?"

"లేదమ్మా."

"అడగనివారు ఇంకెంతమంది కార్లకు వేశారు?"

అతను నవ్వులాయన వైపు చూశాడు. నవ్వులాయన ముఖంలో ఉన్న ఒక్క సామానూ ఇప్పుడు లేదు. టైపిస్టమ్మ ఆ టేపుముక్కను కాగితంలో మడిచి సంచిలో వేసుకుంది. పలక బిగించారు. తాళం తిప్పారు. ఇంజను మొదలైంది. నీళ్లజగ్గు పసుపుపచ్చగా వెలిగి, అలాగే నిలిచింది.

తిరిగివచ్చే దారిలో తల్లీకూతుళ్లు ఇద్దరూ ఆ దీపాన్నే చూస్తూ కూర్చున్నారు.

"కావాలంటే..." అంది కూతురు.

"సంతకం చేశాను. వెలిగింది. శనివారం యార్డువాళ్లను రమ్మను."

శుక్రవారం మధ్యాహ్నం టైపిస్టమ్మ కారును పెట్రోలు బంకుకు తీసుకువెళ్లింది. విడగొట్టబోయే కారుకు పెట్రోలెందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర సరైన కారణం లేదు. ఆడపిల్లను ఖాళీ కడుపుతో గడప దాటనిస్తామా! అంతే.

బంకులో పనిచేసే ఆమె పెట్రోలు ట్యాంకు మూత తీయబోయి, "ఈ నల్లరంగు మళ్లీ అంటుకుంటుందమ్మగారూ, ఎంత కడిగినా పోదు," అని తన వేళ్లు చూపించింది.

"ఉండు, నేనే తీస్తాను," అని టైపిస్టమ్మ కారు దిగింది. బంకులో ఆమె కారు దిగడం అదే మొదటిసారి.

బతికి ఉన్నప్పుడు ఎప్పుడూ ఆయనే దిగేవారు. మూతను కారుకు కట్టి ఉంచే పట్టీ ఎప్పుడో తెగిపోయింది. మార్పించమంటే వినేవారు కాదు. పెట్రోలు నిండేదాకా మూతను కుడిచేతిలో పట్టుకుని నిలబడేవారు. "సీసా మూత బల్ల మీద పెట్టకూడదోయ్. చేతిలోనే ఉండాలి. రసాయనశాలలో మొదటి పాఠం అది." నిండాక మూత పెట్టి తిప్పేవారు. టక్, టక్, టక్. మూడు చప్పుళ్లు. "కనబడని పెట్రోలు ఒకటుంటుంది, ఆవిరి. అది తప్పించుకుంటే మనకు తెలియదు గానీ ఇంజనుకు తెలిసిపోతుంది," అనేవారు. అద్దంలోంచి చూస్తూ ఆమె, ఈయనకు ప్రతిచోటా పాఠమే, అనుకునేది.

ఆయన పోయాక బంకువాళ్లు ఒకసారి మూతను కారు పైకప్పు మీద మరిచారు. మలుపులో అది దొర్లి కిందపడితే, ఆమె రోడ్డు మీద ఏరుకుని తెచ్చుకుంది. ఇంకెప్పుడూ పోకూడదని ఇంట్లో ఉన్నవాటిలోకల్లా గట్టి గుడ్డపట్టీతో దాన్ని కారుకు కట్టింది. పాత టైపురైటరు రిబ్బను. రెండు మడతలు వేసి, కోర్టు కాగితాల కట్టకు వేసే ముడి వేసింది. ఆ ముడి ఊడదు.

ఇప్పుడు మూత పెట్టి తిప్పింది. చప్పుడు లేదు. ఇంకా తిప్పింది. మెత్తగా ఏదో అడ్డుపడింది. మూత తీసి వెలుతురులో పట్టుకుని చూసింది. లోపలి రబ్బరు వాషరు మీద, రిబ్బను నలిగే చోట, వేలి మందాన గాడి. ఆ గాడి నిండా నల్లసిరా. ఏడాదిన్నరగా మూత ఒక్కసారి కూడా సరిగా పడలేదు. ఏడాదిన్నరగా ఆవిరి ఆ ముడి సందులోంచి తప్పించుకుంటోంది. ఏడాదిన్నరగా దీపం నిజమే చెబుతోంది.

మరమ్మతుదారులు సెన్సర్లు మార్చారు, ప్లగ్గులు మార్చారు, తీగలు విప్పారు. ఒక్కడూ మూత తీసి చూడలేదు. చూసిన ఒక్క మనిషి, ఈ బంకు ఆమె, చేతులు కడుక్కుంది. మరి ముడి వేసినదెవరు?

"నేనే," అంది టైపిస్టమ్మ పైకే.

"ఏంటమ్మగారూ?"

"ఏమీ లేదమ్మా. నీ చేతులు పాడుచేసింది నేనే."

కొత్త మూత కొనుక్కుని, పట్టీ ఏదీ కట్టకుండానే బిగించింది. టక్, టక్, టక్. మూడోది వినగానే కారును ఆనుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది.

శనివారం ఉదయం కూతురు వచ్చేసరికి బల్ల మీద పాత మూత, నల్లటేపుముక్క, ఒప్పందం వరుసగా పెట్టి ఉన్నాయి. తల్లి జరిగినది జరిగినట్టు చెప్పింది, తన ముడితో సహా.

"దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. దానంతట అది ఆరడానికి కొన్ని రోజులు నడవాలట. నాకు వాయిదా కావాలి."

"ఏ కారణం మీద?"

"కొత్త సాక్ష్యం దొరికింది."

కూతురు మూతను తిప్పి తిప్పి చూసింది. రబ్బరు మీది గాడిని గోటితో గీరింది, పుచ్చిపన్నును గీరినట్టే. గోరు నల్లబడింది. "పది రోజులు," అంది. "టేపు లేకుండా." యార్డువాళ్లకు ఫోను చేసి, ఇప్పుడే రావద్దని చెప్పింది.

ఆ మధ్యాహ్నమే టైపిస్టమ్మ సర్వీసు స్టేషను యజమానికి ఉత్తరం టైపు చేసింది. 'మూత బిగియకపోవుటకు కారణము నేను కట్టిన రిబ్బను. ఆ తప్పు నాది, ఒప్పుకొనుచున్నాను. దీపమునకు టేపు వేయుట మీ వారి తప్పు. నా తప్పు మీ తప్పును మాపజాలదు. నాకు పరిహారము అక్కరలేదు. ఈ విధముగా నోరు మూయబడిన కార్లన్నింటిని వెనుకకు పిలిపించి, వాటి యజమానులకు నిజము తెలుపవలెను. పిలిపించిన కార్ల జాబితా నాకు పంపవలెను.' టేపుముక్క తన దగ్గరే ఉంచుకుని, దాని ఫోటో జతచేసింది. వారం దాటినా జవాబు రాలేదు. రెండో ఉత్తరంలో మొదటి ఉత్తరం తేదీ ఉటంకించింది. మూడోదానికి కాగితం యంత్రంలో ఎక్కించే ఉంచింది.

తొమ్మిదో రోజు ఉదయం కూతురు క్లినిక్కుకు వెళ్తూ వచ్చి, పక్కసీట్లో కూర్చుంది. నిన్న సాయంత్రం దాకా దీపం వెలుగుతూనే ఉందని ఇద్దరికీ తెలుసు. టైపిస్టమ్మ తాళం రెండో మెట్టుకు తిప్పి ఆగింది.

"నూనె."

"హాజర్," అంది కూతురు సన్నగా. తల్లి చప్పున తలతిప్పి చూసింది. కూతురు ముందుకే చూస్తోంది.

"బ్యాటరీ."

"హాజర్."

"బ్రేకు."

"హాజర్."

"ఇంజను."

నీళ్లజగ్గు పసుపుగా వెలిగి ఉంది. కూతురు ముక్కు పట్టుకుని, పడిశం పట్టిన బద్ధకపు సాక్షిలాగా, "హా...జర్," అని సాగదీసింది. అచ్చం ఆయన సాగదీసినంతే.

తల్లి తాళం చివరిదాకా తిప్పింది. ఇంజను అందుకుంది. ఎర్రదీపాలు ఒక్కొక్కటే ఆరాయి. పసుపుది క్షణం నిలిచింది, చెప్పవలసింది ఇంకేమైనా మిగిలిందా అన్నట్టు. తరువాత ఆరిపోయింది.

కూతురు సంచిలోంచి ఒప్పందం తీసి చింపబోయింది.

"ఆగు! సంతకం చేసిన కాగితం చింపకూడదు. 'కొట్టివేయడమైనది' అని రాసి, తేదీ వెయ్యి."

"చిత్తం," అని కూతురు మోకాలి మీద పెట్టుకుని రాసింది. "ఇక చెప్పమ్మా. చివరి మాట మిగిలిపోయింది."

టైపిస్టమ్మ గేరు మీద చేయి వేసింది. 

"సాక్షులందరూ ఇక వెళ్లవచ్చు," అని చెప్పి, కారును వీధిలోకి పోనిచ్చింది.